రెండో సగం

తగువు టీవీ మీద పరిచిన తెల్లగుడ్డ దగ్గర మొదలైంది. చిరంజీవి బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో డ్యూటీ దిగి వచ్చి, గ్రీజు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలో కూర్చుంటూనే గుడ్డ అంచు తెరకి అడ్డొస్తోందన్నాడు. అడ్డు రాకుండా పైకి మడిచి పిన్నీసు పెట్టానంది జ్యోతిర్మయి. పిన్నీసు టీవీకి గీతలు పెడుతుందన్నాడు. ఏనాటి టీవీకో ఇప్పుడు కొత్తగా గీతలేమిటంది. ఏంటెన్నా వైరు లాగేశావన్నాడు. వైరు ఎక్కడున్నది అక్కడే ఉందంది. వార్తలు చూడక్కర్లేదా అన్నాడు. వార్తలు మొదలవగానే గురక పెట్టే మనిషికి తెర మీద గుడ్డ ఉంటే ఏం, లేకపోతే ఏం అంది. లోపలి గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని ఇదంతా వింటున్న అత్తగారు కనకం, "గుడ్డ కోసం గుడ్డలు సింపుకుంటన్నారేటి మొగుడూ పెళ్ళామూ" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ గుడ్డ ఏడాదికోసారి, అక్టోబరు నెలలో మాత్రమే ట్రంకుపెట్టెలోంచి బయటికి వస్తుందనీ, మరియమ్మ స్వరూపం ఇంటికి వచ్చే రోజున దాన్ని పరిచి, దాని మీదే ఆమెను నిలబెడతారనీ ముగ్గురికీ తెలుసు. ఆ ఒక్క సంగతి తప్ప తక్కినవన్నీ మాట్లాడుకున్నారు.

తల్లిని స్కూటరెక్కించుకుని, కుదుదండ్‌లో ఆవిడ కొత్త కళ్ళజోడు తేవడానికి బయల్దేరుతూ, గడప దగ్గర చిరంజీవి అసలు మాట చెప్పాడు. భార్య మొహం చూడలేదు, చెప్పుల్లోకి కాళ్ళు దూర్చుకుంటూ చెప్పాడు.

"రేపు పొద్దున్నే మోప్కా పోయి స్వరూపాన్ని నేనే తెచ్చేస్తాను. సంచీలో పెట్టి తెస్తే ఎవడికీ కనబడదు. సీదా తీసుకెళ్ళి ఫాదర్‌కి అప్పజెప్పేస్తాను. మనింటికొద్దు. ఆ గొడవ మనకెందుకు?"

స్కూటరు చప్పుడు కాలనీ మలుపు దాకా వినిపించి, తర్వాత యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడులో కలిసిపోయింది. కూతురు ప్రసూన అర్పా నది అవతల సర్కండాలో ట్యూషన్‌లో ఉంది, చీకటి పడ్డాక గానీ రాదు. పక్క క్వార్టరు మంగాయమ్మగారు కూతురి పురిటికి విజయనగరం వెళ్ళారు. ఉమ్మడి గోడకి అవతల తాళం. జ్యోతిర్మయి గుడ్డ తీసేద్దామనే టీవీ దగ్గరికి వెళ్ళింది. పిన్నీసు మీద చెయ్యి వేసి, తియ్యకుండా అక్కడే కూర్చుండిపోయింది. మనకెందుకు. పెళ్ళయినప్పటినుంచీ ఎన్నిసార్లు విని ఉంటుందో ఆ మాట, ఎప్పుడూ దాన్ని విప్పి చూడలేదు. మనకి. మనం అంటే ఎవరు. కాలేజీలో తెలుగు మేడమ్ బోర్డు మీద రెండు వలయాలు గీసి చెప్పేది, వినేవాళ్ళని కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేము అని. హిందీలో ఈ బాధ లేదు, దేనికైనా హమ్ అంటే సరిపోతుంది. చిరంజీవి చెప్పిన మనంలో తనుంది, ప్రసూన ఉంది, అత్తగారుంది, ఇటుక గోడల ఈ క్వార్టరుంది, గేటు పక్కన కరివేప మొక్క కూడా ఉండే ఉంటుంది. వలయం అక్కడితో మూసుకుపోయింది. అవతల మోప్కా. ఊరు చివర, ఆటోవాడు అక్కడికా అని ఒకసారి మొహం చూసి ఒప్పుకునే దూరం. అక్కడ ఫిలిసితా లకడా ఇంట్లో, పెంకుటింట్లో, నీలం పైట కప్పుకుని చేతులు జోడించి స్వరూపం నిలబడి ఉంది, ఇంటినుంచి ఇంటికి నడవవలసిన తల్లి, ఈసారి ఒక ఇంట్లో ఆగిపోయి.

ఆగిపోవడం అనేది ఎప్పుడూ లేదు. అక్టోబరు జపమాల నెల. సాయంత్రం ఒక ఇంట్లో జపమాల చెప్పుకుని, స్వరూపాన్ని చేతుల్లో ఎత్తుకుని, కొవ్వొత్తులు పట్టుకుని వీధి వెంట పాడుకుంటూ వెళ్ళి, తర్వాతి ఇంటి గడపలో దింపుతారు. తెలుగువాళ్ళ ఇల్లు, మలయాళీల ఇల్లు, తమిళుల ఇల్లు, రాయగఢ్, జశ్‌పూర్ అడవులవైపునుంచి వచ్చి రైలుపట్టాల గ్యాంగులో పనిచేసే ఉరాఁవు ఆదివాసుల ఇల్లు. ప్రార్థన ఒకటే, భాషలు ఎవరివి వాళ్ళవి. ముందుండి చెప్పేవాళ్ళు మంగళవార్త మొదటి సగం చెప్పి ఆపుతారు. దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము అని జ్యోతిర్మయి మొదలుపెట్టి, ఆ సగం పూర్తిచేసి ఊపిరి తీసుకుంటుంది. రెండో సగం తక్కినవాళ్ళంతా అందుకుంటారు. నాలుగు భాషలు ఒకేసారి లేచి, ఒకదాని కాళ్ళ మీద ఒకటి పడుతూ, ఆమెన్ దగ్గర కలుసుకుంటాయి. అందరూ ఆపేశాక ఒక్క గొంతు మిగిలేది. ఉరాఁవుల ఫిలిసితది. ఆమె హిందీలో చెబుతుంది, ఎప్పుడూ ఒక అడుగు వెనక. అబ్ ఔర్ హమారే మర్‌నే కే సమయ్, అని సాగదీసి, అడవిలో ఎవరినో పిలుస్తున్నట్టు ఆ-మేన్ అంటుంది. పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వేవాళ్ళు. ప్రసూన కూడా నవ్వేది. ఇంటికొచ్చాక తిట్టాలనుకుని జ్యోతిర్మయి తనే నవ్వేసేది.

నిన్న బుధవారీ బజార్లో ఫిలిసిత కనబడింది. చిక్కుడుకాయల కుప్ప ముందు నిలబడి ఉంది, ఏమీ కొనడం లేదు. దీదీ, మరియమ్మ తల్లిని తీసుకుపోండి అంది. ఏమైందంటే చెప్పింది. గట్టిగా చెప్పలేదు, చిక్కుడుకాయలతో చెబుతున్నట్టు చెప్పింది. సాయంత్రం జపమాల మొదలవగానే కొందరు మగవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడుతున్నారు. ఎక్కడివాళ్ళో తెలీదు, కొన్ని మొహాలు పాలు పోసేచోటా బోరింగు దగ్గరా చూసినవే. తిట్టరు. కర్రలూ లేవు. "వో లోగ్ కుఛ్ బోల్‌తే నహీఁ దీదీ. ఖాలీ ఖడే రహతే హైఁ." ఏమీ అనరు, ఊరికే నిలబడతారు. ప్రార్థన చేసేవాళ్ళు స్వరూపం వైపు తిరిగి కూర్చుంటారు కదా, వీపులు గుమ్మం వైపుంటాయి. మొదటి సగం ఎలాగో పూర్తవుతుంది. రెండో సగం దగ్గర ఒక్క నోరు లేవడం లేదు. ఎవరి వీపు మీద ఎవరి చూపు ఉందో ఎవరికి వారికే తెలుస్తోంది. మొన్న పొద్దున లేచి చూస్తే, ప్రార్థనకి వేసుకున్న చిన్న పాక మీద పెంకులు లేవు. పగలలేదు. అన్నీ దించి, గోడ వారన వరసగా, తాపీమేస్త్రీ పేర్చినట్టు పేర్చి ఉన్నాయి, రాత్రి ఎవరికీ ఒక్క చప్పుడు వినబడలేదు. రెండు కుటుంబాలు జశ్‌పూర్ వెళ్ళిపోయాయి. తర్వాత రావలసింది జ్యోతిర్మయి ఇంటికే, స్వరూపాన్ని ఎత్తుకుని వీధిలో నడవడానికి మిగిలినవాళ్ళకి ధైర్యం లేదు. ఎవరి మీదో చెయ్యి చేసుకున్నారంటే జ్యోతిర్మయి భయపడగలదు, రాళ్ళు పడ్డాయన్నా భయపడగలదు. నీటుగా పేర్చిన పెంకుల్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. అలా పేర్చినవాళ్ళకి తొందర లేదు. విప్పినది మళ్ళీ కప్పుకోవచ్చు అన్నట్టు ఉంది, కప్పుకుని చూడండి అన్నట్టూ ఉంది.

కిటికీలో వెలుతురు బూడిదరంగుకి తిరిగింది. ఎవరింట్లోనో కుంపటి రాజేశారు, బొగ్గు పొగ తెరలాగా వచ్చి గదిలో నిలిచింది. దూరంగా దసరా పందిరి దగ్గర మైకువాడు హలో హలో అని తన గొంతు తనే పరీక్షించుకుంటున్నాడు. ఆదివారం పూజలో ఫాదరు తన మలయాళం హిందీలో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఈ నెలంతా ఒక రహస్యం, అంటే పది మంగళవార్తలు, హింసలు పడుతున్న విశ్వాసుల కోసం సమర్పించండి అని. సంవత్సరం మొదటినుంచీ పేపర్లలో ఒరిస్సా అనీ గుజరాత్ అనీ వస్తూనే ఉంది. ఆ పది ఆమె రోజూ చెబుతోంది. చెబుతున్నప్పుడు కళ్ళ ముందు మ్యాపు కనిపించేది, దాని మీద దూరంగా ఎర్ర చుక్కలు. దయ కలిగేది కూడా, వేడన్నంలో నెయ్యి వేసుకున్నంత సులువుగా. ఆటో వెళ్ళే దూరంలో ఒక చుక్క ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. చిరంజీవి, జ్యోతిర్మయి, ప్రసూన, కనకం. ఈ పేర్లు పిలిస్తే కాలనీలో ఎవరైనా తెలుగువాళ్ళు అంటారు, ఏ మతమని అడగరు. విశ్వకర్మ పూజ రోజు షెడ్డులో అందరితో పాటు చిరంజీవీ బొట్టు పెట్టించుకుంటాడు, లడ్డూ ఇంటికి తెస్తాడు. అందులో అబద్ధం ఏమీ లేదు, ఎవరూ అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. ఫిలిసితా లకడా అని పిలిచిన మరుక్షణం అడగవలసింది ఏమీ మిగలదు. ఆ పేరుకి వరండా లేదు, వీధిలోంచి అడుగేస్తే నేరుగా లోపలి గదే.

జపమాల ఆమె చేతిలో ఎప్పుడు వచ్చిందో. నల్లపూసలంత చిన్న గింజలు, సాలూరులో అమ్మమ్మ చేతిలో అరిగినవి. అమ్మమ్మ పేరు అసిరమ్మ. జ్ఞానస్నానంలో అన్నమ్మ అయింది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. వసారాలో పిల్లల్ని కూర్చోబెట్టి జపమాల చెప్పించేది. నిద్రలో తూగి ఎవరైనా మొదటి సగం దగ్గరే ఆగిపోతే తొడపాశం పెట్టేది. సగం సెప్పి వొగ్గీకండి అనేది, ఒంటిగా ఉంటే రెండు సగాలూ మీరే సెప్పుకోండి. వొగ్గేస్తే ఆ రెండో సగం సెప్పడానికి ఎవలో ఒకలొస్తారు, ఎవలొస్తారో మన సేతిలో ఉండదు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదన్నంత మామూలుగా అనేది ఆ మాట. బి.ఏ. చదివాక జ్యోతిర్మయి దాన్ని నవ్వుతూ స్నేహితురాళ్ళకి చెప్పింది. ఒంటరిగా ఉన్నప్పుడు రెండు సగాలూ చెప్పుకోవడం మాత్రం మానలేదు.

టీవీకి ఎదురుగా, తెల్లగుడ్డకి ఎదురుగా కూర్చుంది. గుడ్డ మీద స్వరూపం లేదు. కడిగి పెట్టిన కంచంలా ఉంది ఆ తెలుపు. ఫాదరు చెప్పిన ఆ పదినే మొదలుపెట్టింది. మొదటి గింజ, రెండో గింజ. మొదటి సగం, రెండో సగం, తన గొంతు వెనక తన గొంతే. మధ్యలో మనసు పొయ్యి మీద పప్పు దగ్గరికి వెళ్ళింది, చిరంజీవి సంచీ దగ్గరికి వెళ్ళింది. ఏ సంచీ తీసుకెళ్తాడు, కూరగాయల సంచీయా. మరియమ్మని తల కిందుగా పెడతాడా, మొహానికి గుడ్డ చుడతాడా, స్కూటరు ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుంటాడా. రైల్వే ఫాటకం దగ్గర గేటు పడితే పక్కవాడు ఏమిటది అంటే ఏమంటాడు, వంకాయలంటాడా. మంచివాడు, ఏదైనా అడిగితే ఠీక్ హై అనే మనిషి, తన పిల్లని తన గోడలతో కప్పుకుందామనుకుంటున్నాడు, అందులో తప్పేముంది. స్వరూపం వెళ్ళిపోతే వాళ్ళు నిలబడడం మానేస్తారంటాడు. మానేస్తారా. ఏమీ లేని ఇంట్లో, పెంకుల్లేని పాకలో కూర్చున్నవాళ్ళని వదిలేస్తారా. స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే, అని ఆమె నోరు దాని దారిన అది చెప్పుకుపోతోంది, మీ గర్భఫలమగు యేసు, అని, మొదటి సగం ముగించి, గుంపు ముందు కూర్చుని చెప్పే అలవాటుకొద్దీ అక్కడ ఆగిపోయింది. ఊపిరి తీసుకుంది. ఎదురు చూసింది.

సరిగ్గా అప్పుడే యార్డు ఆగింది. బిలాస్‌పూర్‌లో కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ చప్పుడు లేని క్షణం ఆమె ఎరగదు. షంటింగు, బఫర్లు, ఎక్కడో ఒక ఇంజను రొప్పడం, అది గోడలో భాగం, నిద్రలో భాగం. అది మొత్తంగా ఆగింది. మైకు కూడా ఆగింది. ఆ ఖాళీలో, ఆమె వెనక, ఒక అడుగు ఆలస్యంగా, చాలా నెమ్మదిగా ఎవరో అందుకున్నారు. హే సంత్ మరియా. ఒక్క గొంతు కాదు. ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి, నేల మీద గోనెపట్టా లాగినట్టు బరువుగా, పైకి లేవడానికి భయపడుతూ. ప్రార్థనా కర్ హమ్ పాపియోఁ కే లియే. పాపులమైన మా కోసం ప్రార్థించమని, రెండో సగం. ఆరిపోయిన టీవీ అద్దంలో గది వంకరగా కనిపిస్తోంది. తన మొహం, తన వెనక తెరిచి ఉన్న గుమ్మం. గుమ్మంలో నిలువుగా నీడలు, పక్కపక్కన, కదలకుండా.

మంగాయమ్మగారి ఇంటికి తాళం ఉంది, ఆమె ముందుగా దాన్నే ఆలోచించింది. తర్వాత రేడియో అనుకుంది. తర్వాత ఏమీ అనుకోలేదు. వీపు చల్లబడింది. మెడ దగ్గర మొదలై, రవిక అంచు దాటి, వెన్ను పొడుగునా తడిగుడ్డ పరిచినట్టు. వీపుకి ఇంత చర్మం ఉంటుందని ఆమెకి తెలీదు. వెనక ఉన్నది నిలబడడానికి వచ్చినవాళ్ళా, జవాబు చెప్పడానికి వచ్చినవాళ్ళా? అద్దంలో నీడకి మొహం ఉండదు. తిరిగితే తెలుస్తుంది. తిరగడానికి మెడ రావడం లేదు. అమ్మమ్మ చెప్పలేదూ, ఎవలొస్తారో మన సేతిలో ఉండదు. చేతిలో గింజ తడిసిపోయి జారుతోంది. హమారే మర్‌నే కే సమయ్, అని ఆ గొంతు సాగదీస్తోంది, అదే సాగదీత, పిల్లలు నవ్వే సాగదీత. ఇప్పుడు నవ్వు రాలేదు. మా మరణ సమయమందును అని ఆమెకి తెలుగులో వినిపించింది. ఇన్నేళ్ళుగా అంటున్న మాట. మొదటి సగంలో మా అనే మాటే లేదు. అక్కడ అంతా ఆమె, ఆ తల్లి, ఆమె కడుపుపంట. ఒక్కర్తే కూర్చుని చెప్పుకోవచ్చు ఆ సగాన్ని, ఎవరితోనూ పని లేదు. రెండో సగంలోకి అడుగు పెట్టగానే మా అనే మాట వస్తుంది. ఆ మాట చుట్టూ క్వార్టరు గోడలు లేవు. అందులో ఫిలిసిత ఉంది, జశ్‌పూర్ వెళ్ళిపోయినవాళ్ళున్నారు, మ్యాపు మీద చుక్కలన్నీ ఉన్నాయి. రోజూ పదిసార్లు, యాభైసార్లు నోటితో అంటూ, చేతితో బయటికి నెడుతున్నది ఆ మాటనే.

ఆమెన్ రాలేదు. ఆ చివర, అడవిలో ఎవరినో పిలిచే ఆమెన్ కోసం ఆమె చూసింది, అది మాత్రం రాలేదు. గొంతు అక్కడ తెగి నిలబడింది, ఈసారి ఆమె కోసం ఎదురు చూస్తూ. జ్యోతిర్మయి తిరిగింది. ఒళ్ళంతా ఒకేసారి, మంచంలోంచి లేచే రోగిలా తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. వరండా తీగ మీద ఆరేసిన చీరలు, గాలి లేక నిలువుగా వేలాడుతున్నాయి. యార్డులో ఎక్కడో ఒక వ్యాగను ఇంకోదాన్ని గుద్దింది, ఆ గుద్దు వరస వెంట పాకి పాకి దూరంగా వెళ్ళింది. ఆమెన్, అంది ఆమె చీరలతో. గట్టిగానే అంది. తర్వాత పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన తెలిసింది. వెళ్ళి దించింది. అడుగు అంటింది గానీ పైది బాగానే ఉంది. ఇంకో గిన్నెలోకి వంచింది, ఒక్క చుక్క కింద పడలేదు. వీధి తలుపు వెయ్యలేదు. తెల్లగుడ్డ తియ్యలేదు.

అందరూ వచ్చాక వరసగా పీటలు వేసి వడ్డించింది. చిరంజీవి ఎప్పటిలాగే గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ప్రసూన పప్పు వాసన చూసి, "మమ్మీ, జల్ గయా క్యా?" అంది. అడుగు మాత్రమే మాడింది, తిను అంది జ్యోతిర్మయి. చిరంజీవి ముందుగది వైపు ఒకసారి చూశాడు, గుడ్డని చూశాడు, అన్నం కలుపుకున్నాడు. కనకం కొత్త కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వస్తువునీ పేరుపేరునా పలకరిస్తోంది. గోడ మీద బల్లినీ, కొడుకు చెవి మీద తెల్లవెంట్రుకనీ. ఇన్నాళ్ళూ నీ పెళ్ళాం ఇంత సన్నగుందని నాకు తెలీలేదురా అంది. చూస్తూ చూస్తూ ఆవిడ చూపు కొడుకు భుజం మీదుగా వెళ్ళి, తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగింది.

"గుమ్మంలో ఎవలో నిలబడ్డారు. కూసోమనండి" అంది.

చిరంజీవి ఎలా తిరిగాడంటే కంచం కాలికి తగిలి చారు ఒలికింది. గుమ్మంలో చీరలున్నాయి. అతను మళ్ళీ ఇటు తిరిగాడు గానీ పూర్తిగా తిరగలేదు. ఒక భుజం తలుపు వైపే ఉండిపోయింది. ముద్ద చేతిలోనే ఉంది. చొక్కా లేని వీపు మీద వెంట్రుకలు లేచి ఉండడం బల్బు వెలుతుర్లో జ్యోతిర్మయికి స్పష్టంగా కనబడింది. ఒలికిన చారు తుడిచింది. గుడ్డ పిండి, పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుంది.

"వీపు చల్లబడింది కదూ" అంది. "రోజూ ఈ వేళకి వాళ్ళకి అలాగే ఉంటుంది."

"అయితే మనమేం చెయ్యగలం జ్యోతీ?" అన్నాడు. కోపంగా అనలేదు.

"మీరు మోప్కా వెళ్ళకండి. స్వరూపాన్ని సంచీలో పెట్టొద్దు. వాళ్ళ దగ్గర ఉండాల్సినన్నాళ్ళు ఉండి, అప్పుడు నడిచే మనింటికి వస్తుంది. గుడ్డ అలాగే ఉంటుంది." ప్రసూన తినడం ఆపింది. కనకం కళ్ళజోడు సర్దుకుంది. "రేపు సాయంత్రం నేను వెళ్తున్నాను. ఫిలిసిత ఇంట్లో చివరి వరసలో, గుమ్మం దగ్గర కూర్చుంటాను. నిలబడేవాళ్ళు ముందు నా వీపే చూడాలి. రెండో సగం నేను చెప్తాను."